వంట యోహాను తుపాకి

అరవై నాలుగేళ్ళు వచ్చి, మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్న ఈ వయసులో నేను తుపాకి కొనాలా వద్దా అని వారం రోజులు తల బద్దలు కొట్టుకుంటానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, వాళ్ళని కూర్చోబెట్టి బీపీ చూసి ఉండేదాన్ని. మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు మాత్రల పొడి తూచి రిటైరైన మనిషిని నేను. అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో మా వీధి ఎంత నెమ్మదైనదంటే, ఎవరిదైనా చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ రోడ్డు మీద ఉంటే ఆ వారానికి అదే పెద్ద వార్త. అలాంటి వీధిలో, పక్కింటి కెరోల్ ఒక మంగళవారం పొద్దున పౌండ్ కేకు పట్టుకొచ్చి, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాఫీ సగం తాగి, "డేల్ రైఫిల్ నువ్వు తీసుకుంటావా సరోజా?" అని అడిగింది. పంచదార ఇంకో చెంచా వేసుకుంటావా అని అడిగినట్టే అడిగింది.

డేల్ ఆమె భర్త. మొన్న చలికాలంలో పోయాడు. ఏటా నవంబర్లో జింకల వేటకు వెళ్ళి, మాకో పొట్లం మాంసం ఇచ్చేవాడు. మా ఆయన డేవిడ్ దాన్ని అల్లం వెల్లుల్లి వేసి వేపుడు చేయించుకుని తిని, చర్చిలో చెప్పకే, అందరూ అడుగుతారు అనేవాడు. మూడు నాలుగేళ్ళ కిందట నిచ్చెన తిరిగివ్వడానికి వాళ్ళ గరాజ్‌లోకి వెళ్తే డేల్ తుపాకులన్నీ పరిచి తుడుచుకుంటున్నాడు. చూస్తావా అని ఒకటి చేతికిచ్చాడు. లీవర్ యాక్షన్ రైఫిల్. ట్రిగ్గర్ చుట్టూ ఇనప పిడి ఒకటి ఉంటుంది, దాన్ని కిందికి తోసి పైకి లాగితే చాలు, తూటా లోపలికి వెళ్తుంది. పాత సినిమాల్లో గుర్రాలెక్కినవాళ్ళ చేతుల్లో ఉండేది అదే. నా చెయ్యి నన్నడగలేదు. తుపాకి మడమ తుంటికి ఆన్చి, లీవర్ కిందికి తోసి, లోపల ఖాళీగా ఉందో లేదో చూసి, మూసి, గొట్టం నేలవైపు తిప్పి తిరిగిచ్చేశాను. డేల్ నోరు తెరిచాడు. "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. మా తాత నేర్పాడన్నాను. "మీ తాత కౌబాయా?" అన్నాడు. "కాదు, వంటవాడు" అన్నాను. పాపం, పోయేదాకా అదొక జోకు అనే అనుకున్నాడు.

ఆ రైఫిల్ పక్కింటావిడకే వెళ్ళాలని డేల్ అనేవాడట. వాళ్ళబ్బాయి మాత్రం ఊరికే ఇవ్వొద్దన్నాడట, అందుకని నాలుగొందల డాలర్లు. కెరోల్ ఇల్లు అమ్మేసి ఆష్‌విల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆదివారంలోగా చెప్పమంది. "కాగితాలేమైనా రాసుకోవాలా?" అని అడిగాను. ఆమె నవ్వి, "ఎందుకు? ఇద్దరం ఈ రాష్ట్రం వాళ్ళమేగా" అంది. ఈ దేశంలో నాకు జలుబు చేసి ముక్కు మూసుకుపోతే, మందుల షాపులో డ్రైవింగు లైసెన్సు చూపించి, సంతకం పెట్టి, కౌంటర్ వెనకనుంచి మాత్రలు తెచ్చుకోవాలి. తుపాకికి పౌండ్ కేకు చాలు.

మా ఆయనకు చెప్తే ఆయన ముందు తలుపు వేసి వచ్చాడు. "మనకెందుకే సరోజా? కమ్యూనిటీ వాళ్ళకి తెలిస్తే?" అన్నాడు. ఆ కమ్యూనిటీలో సగం మంది బేస్‌మెంట్లలో ఆయుధాగారాలున్నాయని ఆయనకు తెలుసు. అయినా డేవిడ్ భయపడేది తుపాకికి కాదు, ఉత్తరాలకి. మా గడ్డి మూడంగుళాలు పెరిగిందని కమ్యూనిటీ సంఘం నుంచి ఒకసారి ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆయనకు నిద్ర పలచబడింది. మా అమ్మాయి ప్రియ మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. డరమ్‌లో ఉంటుంది, తనూ అల్లుడూ హాస్పిటల్లో వీకెండ్ డ్యూటీలు చేస్తారు కాబట్టి ఆరేళ్ళ నయోమిని శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో దింపి ఆదివారం తీసుకెళ్తుంది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? ఇంట్లో గన్ ఉంటే నయోమి రాదు. ఫుల్ స్టాప్. నేను వేరే సిట్టర్‌ని చూసుకుంటా" అంది. దాన్ని తప్పు పట్టలేను. నయోమి ఫస్ట్ గ్రేడ్‌లో నేర్చుకున్న మొదటి విద్య, బడిలోకి ఎవడైనా తుపాకితో వస్తే లైట్లార్పిన గదిలో పుస్తకాల బీరువా వెనక ఊపిరి బిగబట్టి కూర్చోవడం. నాకు దాని వయసులో చీకటంటే దయ్యాల భయమొక్కటే ఉండేది. ఆ దయ్యాలే నయం.

అక్కడితో అయిపోవాల్సిన మాట. ఇనప ముక్క ఒకవైపు, మనవరాలు ఒకవైపు ఉంటే ఏ అమ్మమ్మ అయినా ఆలోచిస్తుందా? నేను ఆలోచించాను. దానికి కారణం శ్రీధర్.

శ్రీధర్‌ది మా ఊరే. గుంటూరు జిల్లాలో, బాపట్లకి బండి దూరంలో ఉన్న ఊరు. ఊరంటే మీకు ఊరు, మాకు పేట. కాలవకి అవతల దక్షిణాన మాలలుండే పేట మాది. మూడు తరాల కిందటే క్రైస్తవులమయ్యాం కానీ కాలవ మాత్రం అక్కడే ఉంది. శ్రీధర్ వాళ్ళది ఊరి నడిబొడ్డున పెద్దిల్లు, పెద్దింటాయన మనవడు. ఇక్కడికొచ్చాక, కూరగాయల కొట్టులో పరిచయమై, "అరె, మనది ఒకే ఊరండీ!" అని తెగ సంబరపడ్డాడు. మంచివాడే. పదేళ్ళుగా నన్ను 'సరోజ గారూ' అంటాడు. వాళ్ళ తాత మా నాయనమ్మను 'ఒసే' తప్ప మరోమాటతో పిలవలేదు. ఆ 'గారు' విన్నప్పుడల్లా విమానం టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయనిపిస్తుంది నాకు. శ్రీధర్‌కి తుపాకుల పిచ్చి. ఫ్రిజ్జంత ఇనప బీరువా నిండా ఉన్నాయి. ఫొటోలు తీసి తెలుగు గ్రూపులో పెడుతుంటాడు, కొందరు పెరట్లో కాసిన సొరకాయల్ని పెట్టినట్టు.

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా. తలుపు వేసి మరీ రహస్యం విన్న మనిషి, బుధవారానికల్లా కొట్టులో శ్రీధర్‌కి చెప్పేశాడు. గురువారం ఫోనొచ్చింది. "సరోజ గారూ, ఆ రైఫిల్ మీరు తీసుకోకపోతే నాకు చెప్పండి, నేను పికప్ చేసుకుంటా. అచ్చం అలాంటిదే మా తాతగారి దగ్గర ఉండేదండీ. ఎవరో దొర ప్రెజెంట్ చేశాడట. మా ఫ్యామిలీకి అదొక సెంటిమెంట్. శనివారం మా ఇంట్లో పార్టీ ఉంది, రండి, ఆ స్టోరీ అంతా చెప్తా" అన్నాడు. సరే బాబూ అని పెట్టేశాను. ఆ దొరని నేను చూళ్ళేదు కానీ, ఆ తుపాకి నా ఒళ్ళో పెరిగింది.

మా తాత పేరు యోహాను. బాపట్లలో అమెరికన్ దొరగారి బంగళాలో ముప్ఫై ఏళ్ళు వంట చేశాడు. ఊళ్ళో ఎవరూ వట్టి యోహాను అనేవారు కాదు, వంట యోహాను. దొర దేశం వెళ్ళిపోయి, బంగళా మూతపడ్డాక పేటకొచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఇల్లంటే తాటాకుల పాక. అందులో ఆయన బంగళా మర్యాదలన్నీ వదలకుండా నడిపించాడు. పొద్దున్నే లేచి, దొర పాతకోటు తొడుక్కుని, ఎడమ ముంజేతి మీద తెల్ల తువ్వాలు మడిచి వేసుకుని, నాకు సత్తుగిన్నెలో జొన్న అంబలి తెచ్చి పెట్టి, కుడిపక్కనించి వడ్డించేవాడు. చారు పోసేటప్పుడు "సూప్?" అని అడిగేవాడు. నేను "ఎస్ ప్లీజ్" అనకపోతే గరిటె కదిలేది కాదు. కిరసనాయిలు డబ్బాని అడ్డంగా కోసి, ఇసక పోసి, పైనా కిందా నిప్పులు పెట్టి రొట్టె కాల్చేవాడు. ఆ రొట్టె వాసన, మా నాయనమ్మ ఎండురొయ్యలు వేయించే వాసన, ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. బజార్లో ఎవరో ఒకరు మొదటి రెంటి గురించి ఎగతాళి చేసేవారు. మూడో దాని సంగతి ఎవరికీ తెలీదు. ఆముదం తుపాకికి.

దొర వెళ్తూ వెళ్తూ గడియారం స్కూలు మాస్టారుకిచ్చాడు, హార్మోనియం పాస్టరుగారికిచ్చాడు, రైఫిల్ వంటవాడికిచ్చాడు. వేటకు వెళ్ళినప్పుడల్లా దాన్ని మోసిందీ, తుడిచిందీ, పడినవాటిని వండిందీ మా తాతే కాబట్టి. ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాసిచ్చాడు, ఇది యోహానుకు నా బహుమానం అని. తూటాలు మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ప్రేమ వేరు, తెలివి వేరు. మా తాత దాన్ని దుప్పట్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచి, శనివారం మధ్యాహ్నం తీసి, పాత బనీను గుడ్డకి ఆముదం అద్ది తుడిచేవాడు. నా చేతులు కడిగించి పట్టుకోనిచ్చేవాడు. లీవర్ కిందికి తోయాలి, కంటితో చూడాలి, 'ఖాళీ' అని నోటితో చెప్పాలి, అప్పుడు మూయాలి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆయన ఇచ్చిన ఆటబొమ్మ అది. మా నాయనమ్మ మరియమ్మకి ఒళ్ళుమండేది. "తూటా లేని తుపాకి, పాలివ్వని గేదె. మేత మాత్రం తప్పదు" అనేది, ఆముదం సీసా వంక చూస్తూ. పాస్టరుగారు ఓ రోజు వచ్చి, ఇలాంటివి ఇంట్లో ఎందుకు యోహానూ, కత్తుల్ని నాగటి నక్కులుగా సాగగొట్టుదురని వాక్యం లేదా, కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళు అని హితబోధ చేశారు. మా తాత తల వంచుకున్నాడు. నాయనమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నించి కదలకుండానే, "చేయిద్దాం అయ్యగారూ. దున్నడానికి పొలం మీరిస్తారా?" అంది. ఆయన ఆ పూట భోజనానికి ఉండలేదు.

తాతకి అది సక్రమంగా ఉండాలని తాపత్రయం. బంగళా మనిషి కదా, అన్నిటికీ కాగితం ఉండాలి. లైసెన్సు కోసం కోటు తొడుక్కుని తాలూకా ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. వచ్చి ఆ గుమాస్తా గొంతుతో చెప్పి మమ్మల్నందర్నీ నవ్వించాడు. పంట రక్షణకా? పొలమెంత? లేదా, సరే, ప్రాణరక్షణకా? ఎవరి నుంచి? ఇక్కడ ఎవరి పేరైనా రాయాలి, చెప్పు. తాత ఏం చెప్తాడు? పేటలో ఎవరికైనా భయమంటూ ఉంటే అది ఏ ఇంటి గుమ్మం చూసో గుమాస్తాకీ తెలుసు, తాతకీ తెలుసు. పైగా దరఖాస్తుకి సత్ప్రవర్తన సర్టిఫికెట్టు ఇవ్వాల్సిందీ ఆ ఇంటి ఆయనే. గొర్రె తోడేలు దగ్గరికెళ్ళి మంచిమాట రాసిమ్మని అడగాలన్న మాట. మా తాత అడగడానికే వెళ్ళాడు.

పెద్దింటాయన అరుగు మీద కూర్చుని, దొర ఉత్తరం ఎవరిచేతో చదివించుకుని, ఎంతో ఆప్యాయంగా అన్నాడట. "నీకు లైసెన్సెవడిస్తాడ్రా యోహానూ? నాకుంది. నా దాంట్లో ఎక్కిస్తాను. నీ తుపాకి నీదే, మా ఇంట్లో ఉంటుందంతే." తాత వచ్చి అదే చెప్పాడు. అట్టిపెట్టాం, అంతే. మనదే. పోలీసులొస్తే భయం లేదు. నాయనమ్మ "మనకెందుకులే" అని ఆముదం సీసా తీసుకెళ్ళి తలకు రాసుకుంది.

కానీ సీసా మళ్ళీ నింపాల్సొచ్చింది. ఎందుకంటే ఆ పెద్దింట్లో తుపాకి తుడవడం ఎవరికీ రాదు. మా తాత ప్రతి శనివారం మధ్యాహ్నం కాలవ దాటి వెళ్ళేవాడు, నేను వెనకాల. హాల్లోకి వెళ్ళకూడదు కాబట్టి, గొడ్లచావిడి దగ్గర కూర్చుంటే పాలేరు ఆ తుపాకిని గోనెపట్టాలో చుట్టి తెచ్చేవాడు. తాత చేతులు కడుక్కుని, పట్టా విప్పి, పేడ వాసనలో గంటసేపు తుడిచి, లీవర్ మూడుసార్లు ఆడించి, నాచేత 'ఖాళీ' అనిపించి, మళ్ళీ చుట్టి ఇచ్చేవాడు. తన వస్తువుని తానే జీతం లేకుండా తుడిచిపెట్టి, ఇచ్చేటప్పుడు దణ్ణం కూడా పెట్టేవాడు. ఒకసారి శ్రీధర్ వాళ్ళ నాన్న, అప్పుడాయనకి పాతికేళ్ళుంటాయేమో, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "ఇటివ్వరా" అని లాక్కుని, లీవర్ ఆడించబోయి బొటనవేలు ఇరికించుకున్నాడు. అరిచిన అరుపుకి గేదెలు పలుపులు తెంచుకున్నాయి. తాత ఆ వేలికి ఆముదం పోసి మెల్లిగా బయటికి తీశాడు. నేను గడ్డివాము వెనక్కి పోయి నోట్లో పరికిణీ కుక్కుకుని నవ్వాను. కొత్తగా దక్కిన ఆస్తి ఆ ఇంట్లో ఎవరికైనా ఎదురుతిరిగిందంటే ఆ ఒక్కరోజే.

ఇలా నాలుగేళ్ళు. అప్పుడు మా నాన్నకి రైల్వేలో ఉద్యోగమొచ్చి, తెనాలిలో క్వార్టర్సు ఇచ్చారు. సామాను బండిలోకెక్కించాక, తాత కోటు తొడుక్కుని, నన్ను తీసుకుని పెద్దింటికి వెళ్ళాడు. అరుగు మీద ఆయనా, కొడుకూ, ఇంకో నలుగురూ ఉన్నారు. తాత దూరంగా నిలబడి, "అయ్యా, వెళ్ళిపోతన్నాం. నా తుపాకి ఇప్పిస్తే పట్టుకెళ్తా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. పెద్దింటాయన ఆ నలుగురి వంక చూసి, "రైలు క్వార్టర్సులో తుపాకెందుకురా? ఎలకల్ని కొడతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొడుకూ నవ్వాడు. ఆ తరువాత, నాకు ఎప్పటికీ మింగుడుపడనిది, మా తాత కూడా నవ్వాడు. "ఏదోలే, ఒక బస్తా వడ్లు వెయ్యండ్రా వీడి బండిలో" అన్నాడు పెద్దాయన. వేశారు. తెనాలి వెళ్ళిన మూడోరోజు ఆ వడ్లు దంపించి నాయనమ్మ అన్నం వండింది. అంతవరకూ పండగలకే వరన్నం తిన్న ఇల్లు మాది. ఆ అన్నం ఎంత బాగుందో, ఎంత తెల్లగా ఉందో, రెండోసారి ఎలా పెట్టించుకున్నానో నాకిప్పటికీ గుర్తే. సిగ్గుగా ఉంది కానీ అబద్ధమెందుకు.

ఆ తరువాత తాత తుపాకి మాటే ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నమైతే మాత్రం ఆయనకి చేతులు ఊరుకునేవి కావు. తలుపు బందులకీ, పక్కింటివాళ్ళ కుట్టుమిషనుకీ, చివరికి మా నాన్న రైల్వే లాంతరుకీ ఆముదం పోసి తుడిచేవాడు. నేను కాలేజీకి వచ్చాక ఆయన్ని ఆటపట్టించేదాన్ని. ఏం తాతా, తుపాకిచ్చి బస్తా వడ్లు తెచ్చిన మొనగాడివి, దేశాన్ని నీకప్పగిస్తే ఏం తెచ్చేవాడివి అనేదాన్ని. ఆయన "ఎస్ ప్లీజ్" అని నవ్వేవాడు. ఆ ఎగతాళి ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఇప్పుడీ వీధిలో ఎవడి తుపాకి వాడి ఇంట్లో ఉంది. ఎవరి నుంచి రక్షణ అని ఒక్క గుమాస్తా అడగడు. అందరూ అందరి నుంచీ అని ముందే ఒప్పుకున్నట్టున్నారు. అడగాల్సిన చోట అడగరు, అడగకూడని మనిషిని అడిగారు.

తుపాకి సంగతి తేలేదాకా పంపనని ఆ వారం ప్రియ నయోమిని దింపలేదు. శనివారం సాయంత్రం శ్రీధర్ ఇంటికి వెళ్ళాం. వెళ్ళొద్దని డేవిడ్ రెండుసార్లు కడుపునొప్పి తెచ్చుకున్నాడు, కుదర్లేదు. బేస్‌మెంట్లో ఇరవైమంది. బీరువా తలుపు తెరిచి శ్రీధర్ ఒక్కొక్కటీ చూపిస్తుంటే, కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన వరంగల్ కుర్రాడొకడు "అన్నా, గిదెంతయితది?" అని ప్రతి దానికీ ధర అడుగుతున్నాడు. గోడ మీద పెద్దింటాయన ఫొటో ఉంది, ఫ్రేము కట్టించి. కుర్చీలో మీసం దువ్వుకుని కూర్చుని, ఒళ్ళో మా తాత రైఫిల్. లీవర్ తెరిచే ఉంది. మూయడం తెలిసిన మనిషిని ఫొటోలోకి రానివ్వలేదు మరి.

శ్రీధర్ గ్లాసెత్తి కథ మొదలుపెట్టాడు. వాళ్ళ తాతా దొరా అన్నదమ్ముల్లా కలిసి వేటకెళ్ళేవారట. దొర వెళ్ళిపోయే రోజున బాపట్ల స్టేషన్లో వాళ్ళ తాతని కౌగలించుకుని, ఈ జిల్లాలో నువ్వొక్కడివే జెంటిల్మన్‌వి అని కన్నీళ్ళు పెట్టుకుని, తన రైఫిల్ చేతిలో పెట్టాడట. ఆడవాళ్ళు "అయ్యో, ఎంత బాగుందో" అన్నారు. శ్రీధర్ నావైపు తిరిగి, "అందుకే సరోజ గారూ, కెరోల్ గారి రైఫిల్ నాకొస్తే మా తాతగారిది తిరిగొచ్చినట్టుంటుంది" అన్నాడు.

డేవిడ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. "దొర మీ తాతని కౌగలించుకోలేదు శ్రీధర్. ఆ రైఫిల్ మా తాతది. మీ ఇంట్లో అట్టిపెట్టాడు. మీవాళ్ళు తిరిగివ్వలేదు" అన్నాను.

"ఏంటండీ, జోకా?" అన్నాడు శ్రీధర్. నిజంగానే తెలీదు వాడికి. మొహంలో తెలుస్తోంది. "కాదు. మీ నాన్నగారున్నారుగా, అడుగు" అన్నాను. అతను పౌరుషానికి పోయి అప్పటికప్పుడు ఫోన్ తీశాడు. హైదరాబాదులో తెల్లవారుతోంది, ముసలాయన కాఫీ తాగుతున్నాడు. శ్రీధర్ స్పీకర్‌లో పెట్టి విషయం చెప్పాడు.

"ఎవరూ? వంట యోహానుగాడి మనవరాలా?" అంది గొంతు. మళ్ళీ సర్దుకుని, "అదే, యోహాను మనవరాలామ్మా? బాగున్నావా? ఆ తుపాకి వాళ్ళదేరా శ్రీధర్. దొర యోహానుకిచ్చాడు. ఊరందరికీ తెలిసిందేగా" అన్నాడు.

"మరి తాతయ్యకిచ్చాడని చెప్పారు కదా నాన్నా?"

"అలా చెప్తే బాగుంటుందని చెప్పాంరా."

ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. తుపాకి ఇప్పుడెక్కడుందని శ్రీధర్ అడిగాడు. "ఏవో ఎన్నికలొస్తే అందర్లాగే పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేశాం. మళ్ళీ తెచ్చుకోలేదు. అప్పటికే తుప్పు పట్టేసింది. యోహాను వెళ్ళిపోయాక తుడిచేవాడేడీ?" అని, "చాలా మంచివాడమ్మా మీ తాత. ఒక్కసారి కూడా తిరిగిమ్మని అడగలేదు" అన్నాడు.

"అడిగాడండీ. నేనక్కడే ఉన్నాను. మీరూ ఉన్నారు. మీరు నవ్వారు" అన్నాను.

అటునుంచి కప్పు సాసరులో పెట్టిన చప్పుడు వినబడింది. "ఆ రోజులట్లాంటివమ్మా" అన్నాడు చివరికి. "భోజనాలయ్యాయా మీకు?"

శ్రీధర్ భార్య పైనుంచి బిర్యానీ చల్లారిపోతోందని పిలిచింది. చావు కబురు చల్లగా చెప్పడం విన్నాను కానీ, బిర్యానీ చల్లారిపోతోందన్న కబురుతో ఇంతమంది ప్రాణాలు లేచిరావడం అప్పుడే చూశాను. ఇరవైమందీ మెట్లెక్కేశారు. నేనూ తిన్నాను. మా వంశంలో ఎవరూ ఆ ఇంటి అన్నం వదిలిపెట్టలేదు కదా.

ఆదివారం పొద్దున శ్రీధర్ మెసేజ్ పెట్టాడు. మీ ఫీలింగ్స్ రెస్పెక్ట్ చేస్తూ నేను తప్పుకుంటున్నాను, రైఫిల్ మీరే తీసుకోండి, అని కింద రెండు దణ్ణాలు. చదివి పడీపడీ నవ్వాను. కెరోల్ వస్తువు, డేల్ మాట, నా డబ్బు. ఇచ్చేది మాత్రం మళ్ళీ పెద్దింటివాళ్ళే. చర్చి నుంచి వచ్చి నేరుగా కెరోల్ దగ్గరికి వెళ్ళి, నాకొద్దు అని చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు, నా చెయ్యి కాసేపు పట్టుకుంది. ఎందుకని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. శ్రీధర్ చేతికి పోకూడదని కొనబోయానే తప్ప, నాకు తుపాకి ఎందుకు? కెరోల్ అమ్ముతున్నది డేల్‌ది. నాకు కావలసినది ఏ గరాజ్‌లోనూ అమ్మరు. దానికోసం నయోమి శనివారాలు పోగొట్టుకునేంత వెర్రిదాన్ని కాదు. ఒక ముసలాయన మా తాతని చూసి నవ్వాడు, నిజమే. ఆ నవ్వుకి బదులు తీర్చుకోవడానికి నా మనవరాల్ని తాకట్టు పెట్టలేను. కోపం తగ్గిందా అంటే లేదు.

శుక్రవారం సాయంత్రం ప్రియ నయోమిని దింపి, బూట్లు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది. పిల్ల బ్యాగు కింద పెట్టి, గుమ్మంలోనే నిలబడి, వాళ్ళమ్మ నేర్పినట్టు అడిగింది. "అమ్మమ్మా, ఈ ఇంట్లో గన్ ఉందా?"

"లేదే."

"ఎప్పుడూ లేదా?"

"మా తాతకి ఉండేది. చాలా రోజుల కిందట, ఇండియాలో."

"ఇప్పుడు ఎక్కడ ఉంది అది?"

ఎలా చెప్పాలో తెలీక, ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకాయన దాచిపెడతానని తీసుకున్నాడు, తాత వెళ్ళి అడిగితే ఇవ్వలేదు, నవ్వాడు, అని. నయోమి బూటు లేసు విప్పుకుంటూ వింటోంది. విని, తలెత్తి, "సో, వాళ్ళు స్టీల్ చేశారా?" అంది.

అట్టిపెట్టాం అన్నాడు మా తాత. మనకెందుకులే అంది నాయనమ్మ. దొర ఇచ్చాడన్నాడు శ్రీధర్, ఆ రోజులట్లాంటివన్నాడు వాళ్ళ నాన్న. ఇరవైమంది ముందు ధైర్యంగా మాట్లాడానని మురిసిపోయిన నేను కూడా, తిరిగివ్వలేదు అనే మర్యాదగా చెప్పుకొచ్చాను.

"అవునే, దొంగిలించారు" అన్నాను.

"దట్స్ నాట్ నైస్" అని బూట్లు పక్కన పెట్టి, లోపలికి వచ్చింది.